రెండు నిండు ట్యాంకర్లు

వేపలూరు మున్సిపాలిటీలో టెండరు కవర్లు విప్పిన రోజున నవ్వాలో కోప్పడాలో తెలియక కమిషనరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు కదా, మనం ఆయన్ని అక్కడే వదిలేశాం. మంచినీళ్ల ట్యాంకర్లకీ చెత్త లారీలకీ కింద బరువు మోసే కమాను కట్టలు బాగుచేసే ఏడాది కాంట్రాక్టుకి వచ్చినవి రెండే టెండర్లు. ఒకటి ఊళ్లో అన్నిటికంటే పాత కొలిమి ఉన్న సిలార్‌ది. రెండోది ఆయన దగ్గరే పని నేర్చుకుని, పెళ్లికి ముందు వేరే షాపు పెట్టుకున్న ప్రసన్నకుమార్‌ది. రెండు కవర్లలోనూ ఒకటే రేటు, పైసా తేడా లేదు.

ఇద్దరూ కూడబలుక్కున్నారని గుమాస్తాలు చెవులు కొరుక్కున్నారు. అదేం కాదు. బొగ్గు, ఉక్కు, సుత్తి కొట్టేవాళ్ల కూలి ఇవన్నీ కలిపి రేటు కట్టే పద్ధతి గురువు ఎలా చెప్పాడో శిష్యుడు అలాగే కట్టాడు. ఎక్కాలు ఒకటే అయినప్పుడు జవాబు వేరేది ఎలా వస్తుంది?

చివరికి కమిషనరు గారు ఒక దారి చూశారు. ఒక్కో షాపుకి ఒక్కో ట్యాంకరు అప్పగించారు. వెనక రెండు వైపులా కట్టలు విప్పి, కొత్తగా వంపు పెట్టి బిగించాలి. నిండా నీళ్లు పోసినప్పుడు ఏ బండి చక్కగా నిలబడితే వాళ్లదే కాంట్రాక్టు. చూసి చెప్పవలసింది అసిస్టెంట్ ఇంజనీరు జయకుమారి గారు.

ఇందులో మన స్తుతికి పోయేదేమిటంటే, ఆమె మొగుడు ప్రసన్నకుమారే. ఈ టెండరు రాకపోతే సోమవారం నుంచి చీమకుర్తి గ్రానైట్ క్వారీలో లారీల గరాజులో చేరతానని ప్రసన్నకుమార్ అక్కడి మేనేజరుకి మాట ఇచ్చేశాడు. అక్కడే ఉండాలి, అక్కడే తినాలి. ఇంటికి రావడం ఎప్పుడో ఏ ఈస్టరుకో, క్రిస్మస్‌కో.

సరే, ఇక ఆ ఉదయానికి వద్దాం.

*

పెళ్లికి ముందు స్తుతికి లారీ అంటే హారను మోత, వెనక తలుపు మీద రాసిన కవిత్వం, అంతే. గుంటూరులో బీకాం చదివిన మూడేళ్లూ కాలేజీ ముందు నుంచి ఎన్ని లారీలు పోయినా, వాటి కింద విల్లులా వంగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయనీ, ఆ పట్టీల కట్ట మీదే బండి బరువంతా ఊగుతూ నిలబడుతుందనీ ఆమెకి తెలియదు. ఇప్పుడు రోడ్డు మీద ఏ లారీ కనపడినా ముందు వంగి కిందకి చూస్తోంది. "ఆడపిల్లవి, లారీల కిందకి చూస్తావేంటే" అని వాళ్లమ్మ పండక్కొచ్చినప్పుడు తిట్టింది కూడా.

టీవీఎస్ బండి వెనక కూర్చుని, ఒక చెయ్యి మొగుడి భుజం మీద వేసి, స్తుతి వెనక్కి తిరిగి చూసింది. మలుపు తిరిగేదాకా బోర్డు కనపడుతుంది. 'స్తుతి స్ప్రింగ్ వర్క్స్'. పసుపు మీద ఎర్రక్షరాలు. రోజూ చూస్తుంది. రోజూ మొదటిసారి చూసినట్టే ఉంటుంది.

"మెడ పట్టేస్తది. బోర్డు ఎక్కడికీ పోదులే," అన్నాడు ప్రసన్నకుమార్.

"నేను బోర్డు చూడట్లేదు. వెనక ఏమన్నా బండొస్తుందేమోనని చూస్తున్నా."

"ఒస్తుందా?"

"లేదు."

రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండ పడి నేల నేలంతా ఎర్రపట్టు పరిచినట్టు మెరుస్తోంది. గాలి ఇటు తిరగ్గానే ముందు స్తుతి తుమ్మింది, వెంటనే ప్రసన్నకుమార్ తుమ్మాడు, మళ్లీ ఇద్దరూ కలిసి తుమ్మారు. బండి కాస్త పక్కకి పోయి మళ్లీ దారిలోకి వచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు మధ్యలోనే స్తుతికి చీమకుర్తి గుర్తొచ్చింది. భుజం మీద చెయ్యి కాస్త గట్టిగా బిగించింది.

మున్సిపల్ ఆఫీసు వెనక కొత్తగా పోసిన సిమెంటు గచ్చు మీద రెండు ట్యాంకర్లు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. పీకలదాకా నీళ్లు. ఈ ఏడు కాలవ ముందే కట్టేశారు. ఊరు సగం ఈ బళ్ల మీదే బతుకుతోంది. ప్రహరీ గోడ అవతల దర్శి రోడ్డు పక్కన ఆడవాళ్లు అప్పుడే బిందెలు వరసపెట్టి కూర్చున్నారు.

సిలార్ ముందే వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్లటి గడ్డం, భుజాన తువ్వాలు, ముంజేతుల నిండా పాత నిప్పురవ్వల మచ్చలు. పక్కన ఆయన కూతురు జహీరున్నీసా. ఆయన చెయ్యి కూతురి భుజం మీద ఉంది. పెద్దవాడయ్యాడు కదా, ఆసరా కావాలి అనుకున్నారు అందరూ. ఆ పిల్ల స్తుతి ఈడుదే. చున్నీ కొంగు కుడిచేతికి చుట్టుకుని నిలబడింది.

"మావా, తిన్నావా?" అన్నాడు ప్రసన్నకుమార్.

"తిన్నారా. నువ్వు తిన్నావా, మీ ఆవిడ వండటం నేర్చుకుందా?" అన్నాడు సిలార్.

"నేర్చుకుంటోంది మావా. నిన్న సాంబారులో ఉప్పు కూడా వేసింది."

స్తుతి మొగుడి వీపు మీద ఒక్కటి వేసింది. పోటీకి వచ్చినవాళ్లలాగా లేరు ఇద్దరూ. ఏ పెళ్లికో వచ్చినట్టున్నారు. ప్రసన్నకుమార్ షాపు తెరిచిన రోజున సిలార్ తన కొలిమిలోంచి నిప్పులు ఇనప గంపలో పెట్టి తానే మోసుకొచ్చి ఇచ్చాడట. ఆ వీధిలో కమాను పనివాళ్లకి అదొక ఆచారం. పాత కొలిమి నిప్పుతోనే కొత్త కొలిమి వెలగాలి. అంటే ఇవాళ ఎవరు గెలిచినా గెలిచేది ఒక నిప్పే అని స్తుతి మనసులో ఒక అందమైన వాక్యం అనుకుంది. అనుకున్నాక చీమకుర్తి గుర్తొచ్చి ఆ వాక్యం అంత అందంగా అనిపించలేదు.

జయకుమారి గారు చీరకొంగు నడుముకి దోపి, చెప్పులు కింద వదిలి, సిలార్ బాగుచేసిన ట్యాంకరు నిచ్చెన ఎక్కారు. పైన ఉన్న గుండ్రటి మూత తెరిచి లోపలికి చూశారు.

"బండి వంకరగా ఉందో లేదో కింద నుంచి ఎంత చూసినా తెలీదు. నీళ్లు అబద్ధం చెప్పవు," అన్నారు పైనుంచి. "ఈ గచ్చు నేను దగ్గరుండి మట్టం పెట్టి పోయించాను. దీనిమీద బండి సరిగ్గా ఉంటే నీళ్లు మూత అంచుకి చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి. అమ్మాయ్, నువ్వు కూడా వచ్చి చూడు, తర్వాత అన్యాయం అనకుండా."

స్తుతి ఎక్కింది. ఎక్కి, చూసి, ఆవిడ పక్కనే నిలబడిపోయింది.

ఆ గుండ్రటి నోట్లో ఆకాశం ఉంది. ఒక చిన్న తెల్లమబ్బు, ఒక కరెంటు తీగ, దాని మీద ఒక పిట్ట. నీళ్లు కదలడం లేదు. అంచు చుట్టూ ఒకే మందాన నల్లటి గీతలాగా ఇనుము కనపడుతోంది, పళ్లెంలో పోసిన పాయసం చుట్టూ పళ్లెం అంచు కనపడినట్టు. ఇంత పెద్ద బండి, ఇన్ని వందల బిందెల నీళ్లు, వంచిన నాలుగు ఉక్కు పట్టీల మీద ఇంత నిశ్చలంగా ఎలా నిలబడ్డాయో ఆమెకి అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే బాగుంది. తాము ఓడిపోతున్నామేమో అన్న సంగతి కూడా ఒక క్షణం మరిచిపోయింది.

"బాగుంది సిలార్ గారూ," అన్నారు జయకుమారి.

కింద సిలార్ తలవంచి దణ్ణం పెట్టాడు. జహీరున్నీసా మాత్రం నేల చూపులు చూస్తోంది. నాన్న పని బాగుందంటే కూతురి మొహం అలా వాడిపోవడం ఏమిటో స్తుతికి అంతుపట్టలేదు.

తర్వాత ప్రసన్నకుమార్ ట్యాంకరు. మూత తెరవగానే జయకుమారి గారి కనుబొమలు ముడిపడ్డాయి. ఇక్కడా అదే ఆకాశం, అదే మబ్బు. కానీ కుడివైపు నీళ్లు అంచు దాకా వచ్చేశాయి. ఎడమవైపు కిందకి ఉన్నాయి. ఎవరో ఒక చేత్తో బండిని ఎడమ పక్కనించి కాస్త పైకి ఎత్తిపట్టినట్టుంది.

"ఏం ప్రసన్నకుమార్, ఎడమవైపు ఎత్తు ఎక్కువ పెట్టావు?"

ప్రసన్నకుమార్ నోరు తెరిచాడు. సిలార్ వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"చెప్పవయ్యా. పొరపాటా, కావాలని పెట్టావా?"

"మీకు ఎలా కనపడితే అలా రాసుకోండి మేడమ్," అన్నాడు మెల్లగా.

స్తుతి గబగబా నిచ్చెన దిగింది. ఎడమవైపు ఎత్తు ఎందుకో ఆమెకి తెలుసు. పెళ్లైన కొత్తల్లో ఒక సాయంత్రం దర్శి రోడ్డు మీద బండి ఆపి, ఆమె కొరుకుతున్న జామకాయ లాక్కుని, ప్రసన్నకుమార్ దాన్ని నడిరోడ్డున పెట్టాడు. అది తనంతట తానే దొర్లుకుంటూ ఎడమ పక్క మార్జిన్‌లోకి పోయింది. "చూశావా? రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచున పల్లంగా ఉంటది. ఎడమ పక్కన నడిచే బండి బతుకంతా ఆ వాలు మీదే. అందుకే ఎడమ కట్టకి రవ్వంత వంపు ఎక్కువ ఇవ్వాలి. మావ నేర్పాడు," అన్నాడు. ఆమె జామకాయ కోసం పరిగెత్తి, దుమ్ము తుడిచి, మళ్లీ కొరికింది. ఆ సాయంత్రం అంత బాగున్న సాయంత్రం ఆమెకి ఇంకోటి లేదు.

మరి నేర్పిన మనిషి తన బండికి రెండు వైపులా సమానం ఎందుకు పెట్టాడు? సిమెంటు గచ్చు మీద పరీక్ష అని తెలిసి, గచ్చుకి తగ్గట్టు చేశాడా? అంత పెద్దమనిషి?

"ఏవండీ, చెప్పరేం? వాలు సంగతి చెప్పండి," అంది మొగుడి చెవిలో.

"వద్దు."

"ఎందుకు వద్దు? సోమవారం నుంచి చీమకుర్తి. గుర్తుందా?"

"ఆయన ముందు నిలబడి, ఆయన నేర్పిందే ఆయన చెయ్యలేదని నలుగురిలో చెప్పనా? వద్దు స్తుతీ. మాట మొదలైతే ఎక్కడికో పోద్ది."

స్తుతికి కోపం వచ్చింది. పెళ్లయ్యాక మొగుడి మీద వచ్చిన మొదటి నిజమైన కోపం. మిగతావన్నీ ఉప్పు కోపాలు, దుప్పటి కోపాలు. ఆమె బీకాం బుర్ర గబగబా పనిచేసింది. మనం చెప్పకూడదు, అంతేగా. ఆయన చేతే చెప్పిస్తే?

"మేడమ్ గారూ," అంది గట్టిగా. "మా పని మంచీచెడ్డా మేము చెప్పుకుంటే బాగుండదు. సిలార్ బాబాయి గారే మా వారికి గురువు. ఆయన్నే ఎక్కి చూసి చెప్పమనండి. ఆయన పొరపాటంటే మేం ఒప్పుకుంటాం."

ప్రసన్నకుమార్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "స్తుతీ, వద్దన్నానా," అన్నాడు. మొహంలో నెత్తురు లేదు. జహీరున్నీసా తలెత్తి స్తుతి వైపు చూసిన చూపు సూదిలా గుచ్చుకుంది.

"మంచి మాటే. ఏమంటారు సిలార్ గారూ?" అన్నారు జయకుమారి కిందకి దిగుతూ.

సిలార్ కూతురి భుజం మీంచి చెయ్యి తీసి, ముందుకు చాచి, ట్యాంకరు పక్కని తాకాడు. అక్కణ్ణించి అరచెయ్యి రాసుకుంటూ నిచ్చెన దాకా వెళ్లాడు. జీవితమంతా లారీల మధ్య గడిపిన మనిషి కదా, మెట్టు మెట్టూ అలవాటైనట్టే ఎక్కాడు.

"మూత పట్టుకోడానికి ఇంకొకరు ఎక్కండి," అన్నారు జయకుమారి.

సలహా ఇచ్చింది తనే కాబట్టి స్తుతే ఎక్కింది. ఆయనకి జానెడు దూరంలో మోకాళ్ల మీద కూర్చుంది. ఎండ పెళ్లుమని కాస్తోంది. ఆమె గాజులు గలగలమన్నాయి.

"ఎవరది?" అన్నాడు సిలార్.

ఆయన స్తుతి మొహంలోకే చూస్తున్నాడు. మొహంలోకి చూస్తూ అడిగాడు.

"నేను బాబాయ్. స్తుతిని."

"నువ్వా అమ్మాయ్."

అప్పుడు అర్థమైంది తానేం చేసిందో. కూతురి భుజం మీద చెయ్యి ఎందుకో, మొగుడు వద్దు వద్దని ఎందుకన్నాడో, ఆ పిల్ల చూపు అలా ఎందుకు గుచ్చుకుందో. చూపు లేని మనిషిని నలుగురి ముందు నిచ్చెన ఎక్కించి, చూసి చెప్పమంది తను. ఆమెకి ఆ ట్యాంకరు నోట్లో దూకాలనిపించింది.

సిలార్ తొందరపడలేదు. మూత అంచు దొరికేదాకా చేత్తో తడిమాడు. అంచు వెంట వేళ్లు ఒక చుట్టు తిప్పాడు. తర్వాత ఎడమవైపు అంచుకి బొటనవేలు ఆనించి, చూపుడువేలు నెమ్మదిగా లోపలికి దించాడు. వేలి కొస నీళ్లని తాకింది. నీళ్లలో మబ్బు కొంచెం వణికింది. వేలు తీసి, కుడివైపు పెట్టి, మళ్లీ దించాడు. ఈసారి కొంచెం దించగానే తాకింది.

ఆయన మొహం విప్పారడం స్తుతి చూసింది. చర్చిలో పాట అందుకునేటప్పుడు కొందరి మొహాలు అలా అవుతాయి. కొడుకు మొహం తడిమి చూసుకున్న తండ్రిలా ఉన్నాడు.

"ఎడమ ఎత్తాడు," అన్నాడు గొంతు తగ్గించి. "మరిచిపోలేదు నా తండ్రి."

స్తుతి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "బాబాయ్, నాకు తెలియదు. తెలిస్తే మిమ్మల్ని ఎక్కించేదాన్ని కాదు."

"ఏం కాలేదులే. కళ్ల ముందు పొగ కమ్మినట్టుంటది, అంతే. ఇన్నేళ్లు నిప్పులోకి చూశాను, నిప్పు ఊరికే చూడనిస్తదా. ఊళ్లో అనకు." ఆయన వేలు అంచు మీదే ఉంది. "నా బండిలో నీళ్లు ఎట్టా ఉన్నయ్యి అమ్మాయ్? బాగుందన్నారుగా. ఎడమవైపు ఎంత దిగి ఉన్నయ్యి?"

"దిగి లేవు బాబాయ్. చుట్టూ సమానంగా ఉన్నాయి."

"సమానంగానా?"

"అవును."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

అంచు మీద ఆ వేలు ఆగిపోయింది. ఆయన మొహంలో వెలుగు దీపం వత్తి కిందకి తిప్పినట్టు తగ్గిపోయింది. ఆయన చెప్పింది ఒకటి, జరిగింది ఇంకొకటి. ఎవరు చేశారో స్తుతికి చెప్పలేదు. కాని మొహం కూతురు నిలబడిన వైపుకి తిరిగింది, కనపడకపోయినా.

కిందనుంచి జయకుమారి గారు పిలిచారు. "ఏమంటారు సిలార్ గారూ? పొరపాటేనా?"

'పొరపాటే' అంటే చాలు. కాంట్రాక్టు ఆయనది. ఆయన చూపు సంగతి ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు అనరు. పక్కనే ఉన్న స్తుతికి గచ్చు మీద నిలబడిన మొగుడి తల పైనుంచి కనపడుతోంది, దువ్విన జుట్టూ, మధ్యలో పాపిడీ. ఆ తలని రోజూ చూడాలి అనుకుంది. ఇంకేమీ వద్దు.

"మేడమ్ గారూ," అన్నాడు సిలార్. గొంతు కొలిమి ముందు కేకేసినట్టు ఖంగుమంది. "రెండు బళ్లూ రోడ్డెక్కించండి. అక్కడ మూతలు తీసి చూడండి."

"ఎందుకండీ?"

"ఇవి తిరిగేది రోడ్డు మీద. గచ్చు మీద కాదు."

జయకుమారి గారు ఒక్క క్షణం ఆలోచించి, నుదురు కొట్టుకుని నవ్వేశారు. "వాలు. వాన నీళ్లు నిలవకూడదని ప్రతి రోడ్డుకీ వాలు పెట్టించేది నేనే, ఇక్కడ మట్టం గచ్చు మీద నిలబెట్టి తీర్పు చెప్తున్నా. పదండి, పదండి."

*

రెండు నిండు ట్యాంకర్లు గేటు దాటి దర్శి రోడ్డు ఎక్కి ఎడమ పక్కన ఆగాయి. ఆగడం ఆలస్యం, బిందెల ఆడవాళ్లు లేచి వచ్చారు.

"పంపు తిప్పండయ్యా, ఎంతసేపు?"

"కాసేపు ఆగండమ్మా, టెస్టు జరుగుతోంది," అన్నాడు డ్రైవరు.

"నీళ్లకి టెస్టేంటి? తాగి చూసి చెప్తాం గానీ తిప్పు."

జయకుమారి గారు నవ్వుకుంటూ నిచ్చెన ఎక్కారు. ముందు ప్రసన్నకుమార్ బండి. మూత తీశారు. చెయ్యి ఊపి స్తుతిని రమ్మన్నారు.

ఇందాక ఒక పక్కకి ఒరిగి ఉన్న ఆకాశం ఇప్పుడు సరిగ్గా మధ్యలోకి వచ్చి కూర్చుంది. అంచు చుట్టూ ఒకే గీత. రోడ్డు ఎంత వాలిందో బండి అంత సర్దుకుంది. బండి ఇక్కడికి వస్తుందని ఆ ఉక్కు పట్టీలకి ముందే తెలిసినట్టు. ప్రసన్నకుమార్ కొలిమి దగ్గర నిలబడి, సుత్తి దెబ్బ దెబ్బకీ ఈ రోడ్డునే మనసులో పెట్టుకుని వంచాడన్న మాట. స్తుతి నీళ్లలో తన మొహం చూసుకుంది. కళ్లు రెండూ ఇంతింత అయ్యాయి.

సిలార్ బండి సంగతి ఎక్కి చూడకుండానే తెలిసింది. ఎడమవైపు మూత అంచు మీంచి నీళ్లు సన్నగా పొర్లి, ట్యాంకరు పక్కన తడి చార దిగింది. ఒక ముసలామె ఆ చార కింద చెంబు పెట్టింది.

"ప్రసన్నకుమార్, కాంట్రాక్టు మీది," అన్నారు జయకుమారి గారు. "సిలార్ గారూ, మీరు చెప్పకపోతే నేను తప్పు రాసేదాన్ని."

సిలార్ చెయ్యి చాచాడు. ప్రసన్నకుమార్ వచ్చి ఆ చేతి కింద తల పెట్టాడు. "బాగా చేశావురా," అన్నాడు పెద్దాయన. అందరిలోంచి పక్కకి జరిగి, తన ట్యాంకరుని చేత్తో తడుముకుంటూ వెనక్కి వెళ్లాడు.

స్తుతి మొగుడి పక్కకి చేరింది. "ఏవండీ, బాబాయికి..."

"తెలుసు," అన్నాడు ప్రసన్నకుమార్. "అందుకే నిన్ను వద్దన్నా." అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గెలిచినందుకో, ఇంకెందుకో.

చీమకుర్తి లేదు. సోమవారం పొద్దున కూడా కల్లాల మధ్య నుంచి తుమ్ముకుంటూ షాపుకి పోవచ్చు. ఎగిరి గంతెయ్యాలి. కానీ స్తుతి కాళ్లు లేవలేదు. ఒక సంగతి తేలకుండా ఈ సంతోషం తనది అనిపించలేదు. ఆమె చుట్టూ చూసింది. రెండు ట్యాంకర్ల మధ్య ఇరుకు నీడలో జహీరున్నీసా నిలబడి ఉంది.

"మీ నాన్న ఎడమ ఎత్తమన్నాడు. నువ్వే కదూ తగ్గించింది?" అంది స్తుతి దగ్గరికెళ్లి. "గచ్చు మీద పరీక్ష అని తెలిసి సమానం చేశావు. గెలవాలని."

జహీరున్నీసా నవ్వింది. ఆ నవ్వు ఏడుపుకి దగ్గరగా ఉంది.

"గచ్చు మీద పెడతారని నాకేం తెలుసక్కా? రోడ్డు మీదే తిప్పి చూస్తారనుకున్నా. పొద్దున ఆ మేడమ్ పైకెక్కి మా బండి బాగుందంటే నా గుండె ఆగిపోయింది."

స్తుతికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకడుగు దగ్గరికి జరిగింది.

"ఓడిపోవాలని చేశావా?"

జహీరున్నీసా కుడిచేతికి చుట్టుకున్న చున్నీ విప్పింది. అరచేతిలో పట్టీ వెడల్పున కాలిన గాయం, ఇంకా పచ్చిగా. చుట్టూ, వేళ్ల సందుల్లో బొగ్గు నలుపు ఇంకి ఉంది. ఎన్ని సబ్బులు రుద్దినా పోని నలుపు. ఆ నలుపు స్తుతికి బాగా తెలుసు. రోజూ మొగుడి చేతుల్లో చూస్తోంది.

"ఎర్రగా కాలిన పట్టీని చల్లారిందనుకుని నాన్న చేత్తో ఎత్తబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఏడాదిగా వంపులు పెట్టేది నేనే. సుత్తి కొట్టేవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు. కొలిమి దగ్గరికి రావద్దు నాన్నా అంటే వినడు. మున్సిపాలిటీ బండ్లు ఇన్నేళ్లు మోశాను, నేను దిగిపోతే ఎట్టా అంటాడు. ఈ కాంట్రాక్టు వస్తే ఇంకో ఏడాది నిప్పులో చేతులు పెడతాడు. పోతే ఇంట్లో కూర్చుంటాడని..." ఆమె మాట మింగింది. "ప్రసన్నన్న ఎడమ ఎత్తుతాడని నాకు తెలుసు. మనిషి ఓడినట్టుంటదిగానీ ఆయన నేర్పిన పని ఓడదు కదక్కా. ఆయనకి తెలీకుండా అయిపోద్ది అనుకున్నా."

స్తుతి ఆమె కాలిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. తన ఈడు పిల్ల. ఏడాదిగా ఎవరికీ తెలియకుండా లారీల బరువు మోసినవి ఈ చేతులు. గెలవడం చేతనై, ఓడిపోవడానికి కూడా అంత పనితనం చూపించిన చేతులు. తాము గెలుచుకున్నామనుకున్న కాంట్రాక్టు ఈ పిల్ల పళ్లెంలో పెట్టి ఇచ్చిందన్న మాట. ఆ అరచేతి మీద మెల్లగా ఊదింది.

ఎందుకో స్తుతి చూపు కిందకి పోయింది. అలవాటు ప్రకారం, లారీ కిందకి.

అవతలి పక్క నుంచి ఒక చెయ్యి ట్యాంకరు కిందకి వచ్చి ఉంది. ముంజేతి నిండా పాత నిప్పురవ్వల మచ్చలు. ఆ చెయ్యి ఎడమ కట్ట మీద పట్టీ పట్టీనీ తడుముతూ, ఎక్కడ వంపు తగ్గిందో వెతుక్కుంటూ వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయింది. అది చాలాసేపటి నుంచే అక్కడ ఉన్నట్టుంది.

"జహీరా," అంది చక్రాల అవతల నుంచి సిలార్ గొంతు. "ఎందుకు ఓడించావన్నావు? ఆ మాట ఇటొచ్చి నాకు చెప్పు."